మామ నెత్తి మీద మంచె

చెట్టెక్కి చదివి మెట్రిక్ పాసయ్యానంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. బోధన్‌లో మా అత్తగారింట నేల మీద చోటుంటే నేనెందుకు చెట్టెక్కుతాను?

ఆ ఇంటికి రెండే గదులు. ముందు అరుగు, వెనక పెరడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అరుగు మీద బీడీలు చేసే ఆడవాళ్లు కూర్చునేవారు. మా అత్త, ఎదురింటి అక్క, పక్కింటి ముసలవ్వ, వాళ్లతో పాటు ఊరి ముచ్చట్లన్నీ. ఒక గదిలో తునికాకు కట్టలూ పొగాకూ ఉండేవి. రెండో గదిలో మా ఆయన ఉండేవాడు. చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టర్ల దగ్గర హెల్పరు పని. షిఫ్టు దిగి వచ్చి పట్టపగలు ముసుగుతన్ని పడుకునేవాడు. సరే, పెరట్లో కూర్చుందామంటే, "ఖాళీగనే ఉన్నవు గద" అని ఎవరో ఒకరు బీడీల చాట తెచ్చి ఒళ్లో పెట్టేవారు. పుస్తకం పట్టుకున్న కోడలు ఖాళీగా ఉన్నట్టే లెక్క. ఆ మాటకు నాకు ఒళ్లు మండేది. తలుచుకుంటే ఇప్పటికీ మండుతుంది.

పెళ్లికి ముందు ఒకసారి మెట్రిక్ రాసి లెక్కల్లో తప్పాను. పెళ్లయ్యాక ప్రైవేటుగా రాసి మళ్లీ లెక్కల్లోనే తప్పాను. తెలుగులో, సాంఘిక శాస్త్రంలో నాకు అడ్డులేదు గానీ లెక్కలకు నిశ్శబ్దం కావాలి. సగం లెక్కలో ఎవరైనా పిలిస్తే ఆ లెక్క మళ్లీ మొదటికొచ్చేది. టీచరమ్మను కావాలన్న నా కోరిక ఇంట్లో అందరికీ తెలుసు. దానికి మెట్రిక్ గడప దాటాలి. మూడోసారి రాస్తానని అడిగితే మా అత్త ఆకు కత్తిరిస్తున్న చేయి ఆపకుండానే చెప్పింది.

"ఇగో పిల్లా, గిదొక్కపారి. మల్ల తప్పితె పుస్తకాలు కట్టగట్టి లోపల వెట్టి చాట పట్టుడే."

మా అత్త మాటంటే మాటే. పైగా పొగాకు దుమ్ము నాకు పడేది కాదు, దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. ముసలవ్వ దగ్గు వింటుంటే నా ముందు రోజులు నాకు వినబడుతున్నట్టే ఉండేది. ఆ అరుగు మీద కూర్చుని జీవితం వెళ్లిపోతుందేమోనని నిజంగా భయపడ్డాను.

మంచె కట్టుకుందామన్న ఆలోచన నాదే. మా పుట్టింటివాళ్లది మోస్రా పక్క వ్యవసాయం. జొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో చేలో మంచె వేసేవారు. పిట్టలు తోలడానికి నన్ను ఎక్కించేవారు. ఒడిసెలతో ఒక రాయి విసిరి, ఒక ఎక్కం చదివి, మళ్లీ ఒక రాయి. పంతొమ్మిదో ఎక్కం దాకా నాకు ఆ మంచె మీదే వచ్చింది. అక్కడ ఎవరూ చాట తెచ్చి ఒళ్లో పెట్టలేదు. మా పెరట్లో ఒక నాటు మామిడి చెట్టుంది. నిలువెత్తు కాండం దాటగానే మూడు పెద్ద కొమ్మలు చీలాయి. కాయ పులుపు గానీ నీడ మాత్రం చల్లన. ఆ కొమ్మల మీద మంచె వేస్తే ఎవరికీ అందను కదా అనిపించింది.

మా ఆయనకు చెబితే ఆయనకు నాకంటే హుషారెక్కువైంది. పోచంపాడ్‌లో ఆనకట్ట పనులు నడుస్తున్న రోజులవి. అంత గోదావరికే అడ్డం కడుతున్నారు, మనం మామిడిచెట్టుకు ఒక మంచె కట్టలేమా అన్నాడు. ఆయన చేతికి ఇనుము తెలుసు, కర్ర తెలియదు. నాకు మంచె ఎక్కడం తెలుసు, కట్టడం తెలియదు. మా బాపు అయితే ఒక్క పూటలో కట్టేవాడు. కానీ కూతురి అత్తగారింటికి వచ్చి చెట్టెక్కితే ఏం మర్యాద? ఆయన రాలేదు. మా పాత కొట్టం తలుపు రెక్క ఒకటి ఊడదీసి, ఫ్యాక్టరీకి చెరుకు తోలుకొచ్చే బండి మీద వేసి పంపాడు. మంచి టేకు. గొళ్లెం కూడా తీయలేదు. నేల మీద పరిచి చూస్తే ఒక మనిషి కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు, పక్కన పుస్తకాలు పెట్టుకోవచ్చు. అదే నా నేల అనుకున్నాను.

ఇంట్లో పెద్ద మా మామ. ఆయనకు చెప్పాలి. చెప్పడం నా పని కాదు. మా ఇళ్లలో మామ కోడలితో నేరుగా మాట్లాడడు, కోడలు మామ ముందర మంచం మీద కూర్చోదు. ఆయన వస్తుంటే లేచి, కొంగు సర్దుకుని పక్కకు తప్పుకోవాలి. కూరలో ఉప్పెక్కువైతే ఆయన, "ఇయ్యాల ఉప్పు అగ్గువైనట్టుంది" అని గోడతో చెప్పేవారు. గోడ నాకు చెప్పినట్టు నేను అర్థం చేసుకోవాలి. ఫ్యాక్టరీలో బాయిలరు దగ్గర పని కాబట్టి ఆ మంట ముందు మాటలన్నీ ఆవిరైపోయి ఉంటాయని మా ఆయన అనేవాడు. మంచె సంగతి కొడుకు చెబితే, కొమ్మ విరగకుండా చూసుకోమని మాత్రం అన్నారట. అదే మాకు అనుమతి.

ఇక నా ప్లాను. కాగితం మీద గీయడం నాకు రాదు, ముగ్గు వేయడం వచ్చు. చెట్టు కింద పేడనీళ్లు చల్లి, తలుపు రెక్క అంత కొలతతో ముగ్గుపిండితో గీశాను. కొమ్మలు ఎక్కడ తగులుతాయో అక్కడ చుక్కలు పెట్టాను, నిచ్చెన వచ్చే చోట రెండు గీతలు. అత్త వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని నవ్వి పోయింది. ముసలవ్వ అయితే ఏం పండుగ అని అడిగింది.

ముగ్గు చదునుగా ఉంది, చెట్టు చదునుగా లేదు. ఈ చిన్న సంగతి మా ఇద్దరికీ తలుపు రెక్క తాడేసి పైకి లాగిన తర్వాత గానీ తెలియలేదు. మూడు కొమ్మల్లో ఒకటి జానెడు ఎత్తు. రెక్క ఒకవైపు వాలిపోయింది. బాగానే ఉందని చూపించడానికి మా ఆయన దాని మీద బాసింపట్టు వేసి కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే మెల్లగా జారి కొమ్మను కౌగిలించుకున్నాడు. నేను నవ్వితే కోపం వచ్చి ఆ పూటకు పని బంద్ పెట్టాడు.

తర్వాత వాలిన వైపు కింద నుంచి రెండు వెదురు బొంగులు నిలబెట్టి ఊతమిచ్చాం. పైన ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి పెట్టి, నీళ్లు ఎటు ఒరుగుతున్నాయో నేను చెబుతుంటే ఆయన బొంగుల కింద రాయి జరిపేవాడు. పళ్లెంలో నీళ్లు నిలకడగా నిలిచిన రోజు నాకు సగం పరీక్ష పాసైనంత సంతోషం కలిగింది. కోడలి కాళ్లు గల్లీలోకి కనబడొద్దని అత్త షరతు పెట్టింది. గోనెసంచులు ఉతికి, కుట్టి, నిచ్చెన వైపు వదిలి, చుట్టూ కూర్చుంటే నడుమెత్తు దాకా పరదా కట్టాను.

ముళ్లు జారకుండా ఏం చేయాలన్నది చివరి సమస్య. కొబ్బరితాడు కొత్తది, బిర్రుగా కట్టినా సడలేది. మా ఆయనకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. చక్కెర తీయగా ఫ్యాక్టరీలో నల్లటి మడ్డిపాకం మిగులుతుంది, మొలాసిస్ అంటారు. పాత రోజుల్లో సున్నంలో బెల్లం కలిపి కోటలు కట్టారు, తాడుకు మడ్డి పూస్తే ఎండి రాయవుతుంది అన్నాడు. నాకూ సబబుగానే తోచింది. చక్కెర ఊళ్లో బతికేవాళ్లకు ప్రతి రోగానికీ చక్కెరే మందు. పశువుల దాణాలోకని అడిగి ఒక డబ్బా తెచ్చాడు. ఇద్దరం చేతులు నల్లగా చేసుకుని ప్రతి ముడికీ దట్టంగా పూశాం. నిజంగానే రాయిలా ఎండింది.

రెండు రోజులు ఆగి, మంచిరోజు చూసుకుని, రేఖాగణితం పుస్తకం నడుముకు దోపుకుని ఎక్కాను. ఎంత బాగుందో చెప్పలేను. ఆకుల సందుల్లోంచి చెరుకు బండ్ల వరుస, దాని వెనక ఫ్యాక్టరీ పొగగొట్టం. ఆడవాళ్ల ముచ్చట్లు అరుగు మీదే ఉండిపోయాయి. నా కోసమని ప్రపంచంలో ఒక చోటు ఉండటం నాకు అదే మొదటిసారి. పుస్తకం తెరిచి ఒక త్రిభుజం గీశాను.

రెండో త్రిభుజం గీయలేదు. బెల్లం ఉన్న చోటికి చీమలను పిలవాలా? మామిడిచెట్టు ఎర్రచీమలు అసలే పొగరుబోతులు. మడ్డి రుచి మరిగి ముడిముడికీ పుట్టలా పట్టాయి. నేను వాటి విందులో కూర్చున్నాను. మెడ దగ్గర మొదలై వీపంతా పాకాయి. అరుస్తూ లేచాను. చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా ఎగదోపి దులుపుకుంటుంటే పుస్తకం జారి కింద పడింది. ధప్పుమన్న చప్పుడు నేలది కాదు.

ఫ్యాక్టరీ మా వెనక గల్లీ వైపు. మామ ఎప్పుడూ పెరటి తలుపులోంచే వచ్చి, మామిడి కింద నుంచి నడిచి, నీళ్ల గోలెం దగ్గర కాళ్లు కడుక్కునేవారు. ఇన్ని కొలతలు తీశామా, అన్నీ పైకి చూసి తీసినవే. కింద ఎవరు నడుస్తారో ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. రేఖాగణితం మామ భుజం మీద పడింది. ఆయన నెత్తికి సరిగ్గా పైన, మోకాళ్లు కనబడేలా నేను గంతులేస్తున్నాను. మంచం మీద కూర్చోకూడని కోడలిని.

మామ తల ఎత్తలేదు. వంగి పుస్తకం తీసి, దుమ్ము దులిపి, కళ్లకద్దుకుని, నిచ్చెన మెట్టు మీద పెట్టి వెళ్లిపోయారు. ఆ పూట గోడతో కూడా ఏమీ మాట్లాడలేదు.

అత్త పడీపడీ నవ్వింది. నవ్వి, తానే వేన్నీళ్లు కాచి ఇచ్చింది. పాత తాళ్లన్నీ కోసి, కొమ్మలు కడిగి, కొత్త తాళ్లకు పసుపు పట్టించి కట్టాం. మా జిల్లాలో పసుపుకేం కరువు? చీమలు మళ్లీ రాలేదు. తాళ్లు పచ్చగా ఉండి, మంచె పెళ్లిపందిరిలా కనబడేది.

చీమల బాధ తీరింది గానీ మామ సంగతి తీరలేదు. పెరటి తలుపు కిర్రుమనగానే నేను దిగాలి. దిగి కాండం చాటున నిలబడాలి. ఆయన కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, బీడీ కాల్చి లోపలికి పోయేదాకా అక్కడే. మళ్లీ ఎక్కేసరికి లెక్క మరిచిపోయేదాన్ని. పొద్దున ఒకసారి, అన్నానికి ఒకసారి, షిఫ్టు మారితే మరో వేళకు. అరుగు మీదికీ చెట్టు మీదికీ తేడా లేకుండా పోయింది. నాలో నేను గొణుక్కునేదాన్ని గానీ ఎవరిని ఏమంటాను?

ఉన్నట్టుండి పెరటి తలుపు చప్పుడు ఆగిపోయింది. మామ ముందు వాకిట్లోంచి రావడం మొదలుపెట్టారు. ముందు వైపు రావాలంటే గల్లీ చివరిదాకా పోయి, చెరుకు బండ్ల మధ్య నుంచి సడకు దాటి, చుట్టూ తిరిగి రావాలి. వచ్చాక అరుగు మీది ఆడవాళ్లందరూ చాటలు జరిపి, కాళ్లు ముడుచుకుని దారివ్వాలి. ఆడవాళ్ల మధ్య నడవడమంటే ఆయనకు ఎంత ఇబ్బందో నాకు తెలుసు. తల వంచుకుని, భుజం మీది తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకుని వచ్చేవారు. కాళ్లు కడుక్కోవడానికి వాకిట్లో అత్త ఒక బకెట్ పెట్టింది. నాతో ఏమీ చెప్పలేదు.

నేను మాత్రం తెలుసుకున్నాననుకున్నాను. కోడలు కూర్చున్న కొమ్మ కింద నుంచి నడవడం అవమానమని సొంత పెరటినే వదులుకున్నారు. ఎదురింటి అక్క ఊరుకుంటుందా, మామ నెత్తి మీద మంచె కట్టుకున్న కోడలిని ఇప్పుడే చూస్తున్నానని నవ్వుతూనే అంది. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. పైన కూర్చుంటే గల్లీ కనబడేది. మామ బాయిలరు మసితో వచ్చేవారు, మా పెరటి తలుపు దాకా వచ్చి, దాన్ని ముట్టకుండానే గోడ వెంబడి ముందుకు పోయేవారు. వెనక నుంచి ఆయన నడక చూస్తూ పుస్తకం మూసేసేదాన్ని. పెద్దాయనను ఇంటి చుట్టూ తిప్పి సంపాదించే చదువు నాకెందుకు?

ఒక మధ్యాహ్నం కొడవలి తీసుకుని ఎక్కాను, తాళ్లు కోసేద్దామని. మొదటి ముడి కోశాను. అత్త గోలెంలో నీళ్ల కోసం వచ్చి, కొడవలి చప్పుడు విని, పైన ఏం చేస్తున్నావని అడిగింది. విప్పేస్తున్నాను, మామకు ఇష్టం లేని మంచె నాకొద్దు, చాట తెచ్చివ్వు అన్నాను. అత్త బిందె దించి నా వైపు చూసింది.

"ఇష్టం లేదని ఎవలన్నరే? మీ మామనే, నేను చెట్టు కిందికెళ్లి పోతె పిల్ల దిగాలె, దిగితె లెక్క తప్పుతది, నేనే సుట్టు తిరిగి పోత అన్నడు. నీకు చెప్పొద్దన్నడు. నా నోట్ల నువ్వుగింజ నానుతదా?"

కొడవలి పట్టుకుని అక్కడే కూలబడ్డాను. సిగ్గేసింది, సంతోషమేసింది, ఏడ్చాను. అత్త, ఏడుపుకు కూడా టైము దొరికిందా నీకు, కోసిన ముడి కట్టుకో అని బిందె ఎత్తుకుని పోయింది. కట్టుకున్నాను.

ఇక ఆ సీజనంతా చదివాను. మామిడి పూత రాలి పుస్తకం పేజీల మధ్య పడేది, ఊదుకుని చదివేదాన్ని. వడ్డీ లెక్కలు, బీజగణితం, పోయినసారి నన్ను ముంచిన వృత్తాలు. మామ గల్లీలో కనబడితే తల దించుకుని ఇంకో లెక్క ఎక్కువ చేసేదాన్ని. ఆయన నడిచిన దూరానికి నేను ఇవ్వగలిగింది అదొక్కటే. అరుగు మీది వాళ్లకూ ఎలా తెలిసిందో తెలిసింది. ఎదురింటి అక్క, మామ వస్తున్న అలికిడి కాగానే, అందరికంటే ముందు చాట జరిపేది.

పరీక్ష నిజామాబాద్‌లో. మా ఆయనకు సెలవు దొరకలేదు, అత్త నా వెంట బస్సెక్కింది. చేతి సంచిలో కత్తెర, తడిగుడ్డలో చుట్టిన తునికాకు. నేను లోపల రాస్తున్నంతసేపూ ఆమె బడి గోడ నీడలో కూర్చుని ఆకు కత్తిరించింది. లెక్కల పరీక్ష రాసి బయటికొస్తే, ఎట్ల రాసినవని అడగలేదు. ఒళ్లో ముక్కలు దులుపుకుంటూ, ఆకలైతుందా అని అడిగింది.

ఎండాకాలంలో, కాయ పండబారే రోజుల్లో, మా ఆయన పేపరు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. నా నంబరుంది. నేను నమ్మక మళ్లీ చూశాను, ఉంది. అత్త లోపలికి పోయి చక్కెర తెచ్చి అరుగు మీద అందరి నోళ్లలో పోసింది. ఆ సంబరంలోనే, ఒక్కపారే అని చెప్పిన, పాసయినవు, ఇగ సక్కగ ఇంటిపని చూసుకో అని కూడా అంది. కోపంగా అనలేదు, మాట మాటే అని గుర్తుచేసింది. టీచరు ట్రైనింగుకు పోవాలని ఉందన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఇంట్లో వాళ్లు నా కోసం పడ్డది చాలదా, ఇంకా ఏ మొహంతో అడుగుతాను?

సాయంత్రం పుస్తకాలు దించుకుందామని మంచె ఎక్కాను. అన్నీ కొంగులో కట్టుకున్నాను. గోనె పరదా విప్పబోతుంటే పెరటి తలుపు కిర్రుమంది. ఎన్నో నెలలుగా వినని చప్పుడు. మామ లోపలికి వచ్చారు. ఫలితం వచ్చేసింది, ఇంక చుట్టు తిరగడమెందుకని వచ్చి ఉంటారనుకున్నాను. గబగబా నిచ్చెన మీద కాలు పెట్టాను.

ఆయన చెట్టు మొదట్లో ఆగారు. ఎప్పటిలాగే తల ఎత్తలేదు. ఎదురుగా గోడ ఉంది, దానివైపూ చూడలేదు.

"దిగకు బిడ్డా. టీచరు ట్రైనింగుకు గూడ సదువాలె గద."

ఆ ఇంటికి వచ్చాక ఆయన నాతో అన్న మొదటి మాట అది. మామ గోలెం దగ్గరికి పోయి కాళ్లు కడుక్కోవడం మొదలుపెట్టారు. నేను నిచ్చెన మీది కాలు వెనక్కి తీసుకుని, కొంగులో పుస్తకాలతో, ఆయన తల పైన కూర్చున్నాను. దిగలేదు.